పరీక్ష యొక్కటే, త్రోవ యొక్కటి గాదు

జఫర్‌గఢ్ కోటగుట్ట నెక్కి నలుదిక్కులు చూచినవానికి చెఱువులు, వరిమళ్లు, ప్రత్తిచేలు, వాని నడుమ నడుమ పల్లెలు కనబడును. పూర్వము ఈ యూరిని వేల్పుగొండ యనెడివారనియు, జాఫరుద్దౌలా పేర నేటి పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. ఈ ప్రాంతము చదువునకు క్రొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని పాలకుర్తియు, పోతన నాగలి పట్టిన బమ్మెరయు ఈ జనగామ జిల్లాలోనివే. అట్టి నేలమీద నేడు పల్లె పల్లెయందును వినబడుచున్న మాట యొకటి కలదు: "మా అమ్మాయి నీట్ వ్రాయుచున్నది." ఆ మాట చెప్పునపుడు తండ్రి గొంతులోని ఆశయు, ప్రక్కన నిలుచున్న తల్లి ముఖములోని దిగులును చూచినవారికి ఇది వట్టి పరీక్ష కాదని తెలియక మానదు.

సాధారణముగా మే నెల మొదటి ఆదివారమున ఈ పరీక్ష జరుగును. ఆ దినమున వర్ధన్నపేట త్రోవను గాని, స్టేషన్ ఘన్‌పూర్ త్రోవను గాని బయలుదేరు పిల్లలను చూడవలెను. కాళ్లకు చెప్పులు, పొట్టిచేతుల చొక్కా, చేతిలో హాల్‌టికెట్టు. నగలు, గడియారము ఇంటనే విడిచి పోవలెను. మధ్యాహ్నము 1.30 గంటలకు ద్వారము మూయుదురు. 2 గంటలకు మొదలైన పరీక్ష 5 గంటలకు ముగియును. ఆ మూడు గంటలును తండ్రి బయట ఏ చెట్టునీడనో కూర్చుండి తువాలుతో ముఖము తుడుచుకొనుచుండును. లోపల నున్నది బిడ్డ మాత్రమే కాదు. కొన్ని కుటుంబముల విషయమున పొలము కూడ ఆ గదిలోనే యున్నది.

ఇంటిముందటి కళాశాల

మొదట సంతోషింపదగిన సంగతి చెప్పుకొందము. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడునాటికి ప్రభుత్వ వైద్యకళాశాలలు 5 మాత్రమే యుండెను. ఓరుగల్లు సీమ కంతకును 1959లో స్థాపితమైన కాకతీయ వైద్యకళాశాల యొక్కటే దిక్కు. 2022లో మహబూబాబాదునకు 150 సీట్లతో కళాశాల వచ్చినది. మరుసటి సంవత్సరము, 2023 సెప్టెంబరు 15వ తేదీన, ఒక్కనాడే 9 కళాశాలలు ప్రారంభమైనవి. వానిలో జనగామ యొకటి, భూపాలపల్లి యొకటి, చెఱి 100 సీట్లు. 2024లో మఱి 8 చేరగా మొత్తము 34 అయినది. జఫర్‌గఢ్ వాసికి జనగామ జిల్లా కేంద్రము. మహబూబాబాదు, భూపాలపల్లి ఒకనాటి వరంగల్లు జిల్లాలోని పరిచిత స్థలములే. ఈ మూడు చోట్లను కలిపి ఏటేట 350 మంది విద్యార్థులు వైద్యవిద్యలో ప్రవేశించుచున్నారు. మన తాతల కాలమున దీనిని ఎవరును కలగని యుండరు.

అయినను తొందరపడి పొంగిపోరాదు. కళాశాల మన జిల్లాలో నున్నంతమాత్రమున అందలి సీట్లు మన జిల్లా పిల్లలవి కావు. నూటికి 15 సీట్లు అఖిలభారత కోటాకు పోవును. తక్కినవానిని వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము వారు రాష్ట్రమంతటి విద్యార్థుల నుండి ర్యాంకుల వరుసను, ఆయా వర్గముల రిజర్వేషన్లను అనుసరించి నింపుదురు. హైదరాబాదు నగరమున పెద్ద శిక్షణాలయములో చదివిన బాలుడు జనగామ కళాశాలలో చేరవచ్చును. జనగామకు కూతవేటు దూరమున పుట్టిన బాలిక ర్యాంకు చాలక ఇంట కూర్చుండవచ్చును. ఇందులో అన్యాయమేమియు లేదని చట్టము చెప్పును. మంచిదే. కాని తలుపు దగ్గరకు వచ్చినది గదా యని మనము నిద్రపోయినచో, తాళపుచెవి మాత్రము దూరముననే యుండిపోవును. ఆ తాళపుచెవి పేరే నీట్ పరీక్ష.

పరీక్ష స్వరూపము

ఉమ్మడి రాష్ట్రమున 1986 నుండి ఎంసెట్ అను ప్రవేశపరీక్ష జరుగుచుండెను. దేశమంతటికిని ఒకే పరీక్ష యుండవలెనను తలంపుతో 2013 మే 5వ తేదీన మొదటిసారి నీట్ జరిపిరి. ఆ జులై నెలలోనే సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. 2016 ఏప్రిల్‌లో తన తీర్పును తానే వెనుకకు తీసికొన్నది. అటుపిమ్మట నీట్ దేశమున స్థిరపడినది. 2019 నుండి జాతీయ పరీక్షా సంస్థ దీనిని నిర్వహించుచున్నది.

2025లో జరిగిన విధమున ప్రశ్నలు 180, మార్కులు 720, సమయము 180 నిమిషములు. భౌతికశాస్త్రమున 45, రసాయనమున 45, జీవశాస్త్రమున 90 ప్రశ్నలు. సరియైన సమాధానమునకు 4 మార్కులు. తప్పునకు ఒక మార్కు కోత. ఆ యేట 22 లక్షలకు పైగా పరీక్ష వ్రాసిరి. వారిలో బాలికలే అధికము. అర్హత పొందినవారు 12 లక్షలకు పైబడిరి. దేశమునందలి ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెము పైన. అర్హత వేఱు, ప్రవేశము వేఱు అనుమాట ఈ అంకెల వలననే బోధపడును. "మా వాడు క్వాలిఫై అయినాడు" అని మిఠాయి పంచిన తండ్రికి తరువాతి నెలలో కలుగు నిరాశకు మూలము ఈ తేడాను ముందుగా ఎవరును చెప్పకపోవుటయే.

సీటు దొరకినను ఏ సీటు అనునది మఱియొక ప్రశ్న. ఇటీవలి సంవత్సరముల లెక్కను ప్రభుత్వ కళాశాలలో ఏడాదికి బోధనరుసుము 10 వేల రూపాయలు. ప్రైవేటు కళాశాలలో కన్వీనరు కోటా సీటునకు 60 వేలు. అదే ప్రైవేటు కళాశాలలో, అదే బల్లమీద, అదే పాఠము వినుటకు యాజమాన్య కోటాలో 10 లక్షలకు పైన. నాలుగైదు ప్రశ్నలు తప్పుటచేత బిడ్డ మొదటి వరుస నుండి మూడవ వరుసకు జాఱినచో, ఆ యింటి మీద పడు భారము అరకోటి రూపాయలు దాటును. ఇన్ని యెకరముల పొలము అన్ని మార్కులలో తూగుచున్నది.

సముద్రము దాటినవారికే

ఒక పాత కథ జ్ఞాపకము చేసెదను. ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగములకు 1853 నాటి చట్టము పోటీ తలుపు తెఱచినది. జాతిభేదము లేదు, వర్ణభేదము లేదు, చక్రవర్తి ప్రజలెవరైనను వ్రాయవచ్చునని ప్రకటించిరి. కాని పరీక్ష జరుగునది లండనులో. సముద్రయానమునకు ధనము గలవాడు, బంధువుల నెదిరింపగలవాడు, అచ్చట నెలల తరబడి యుండి చదువగలవాడు మాత్రమే ఆ గదిలో అడుగిడగలడు. సత్యేంద్రనాథ ఠాకూరు 1863లో నెగ్గెను; నెగ్గిన మొదటి భారతీయుడతడే. తరువాత వయఃపరిమితిని 21 నుండి 19 ఏండ్లకు తగ్గించి ఆ యిఱుకు సందును మఱింత యిఱుకు చేసిరి. ఇక్కడను అక్కడను ఏకకాలమున పరీక్ష జరుపుడని 1885లో జరిగిన మొదటి కాంగ్రెసు మహాసభయే కోరెను. 1893లో పార్లమెంటు దిగువసభ అందుకు అనుకూలముగా తీర్మానించెను. అయినను మన దేశమున ఆ పరీక్ష జరిగినది 1922లో.

దాదాభాయి నౌరోజీ వంటి పెద్దలు ఆనాడు పరీక్షను తీసివేయుడని కోరలేదు. సులభము చేయుడని యాచింపలేదు. ప్రశ్నపత్రము ఒకటే యైనప్పుడు ఆ ప్రశ్నపత్రము కడకు పోవు త్రోవయు అందఱకు నందవలెనని వాదించిరి. నేడు జఫర్‌గఢ్ బాలికకు సముద్రము అడ్డు లేదు. కాని జిల్లాపరిషత్తు పాఠశాలకును, మాదాపూరులోని శిక్షణాలయమునకును నడుమ ఉన్నది సముద్రము కంటె చిన్నదా? ఒకచోట తొమ్మిదవ తరగతి నుండియే నీట్ పునాది, వారము వారము పరీక్ష, తప్పులను విప్పిచెప్పు ఉపాధ్యాయుడు. మఱియొకచోట భౌతికశాస్త్ర ఉపాధ్యాయుని ఖాళీ నిండుటకే విద్యాసంవత్సరము సగము గడచుటయు కలదు. పదవతరగతి తరువాత బై.పి.సి. తీసికొన్న పిల్ల గణితమును వదలివేయును. కాని నీట్ భౌతికశాస్త్రము లఘుగణకములు, త్రికోణమితి, సదిశలు తెలిసినవారికే లొంగును. జీవశాస్త్రమున దండిగా మార్కులు తెచ్చుకొన్న పల్లెపిల్లలు భౌతికశాస్త్రమున వెనుకబడుటకు కారణము బుద్ధిమాంద్యము కాదు. ఎనిమిదవ తరగతి గణితము నాడు వేయని పునాదికి ఇంటర్మీడియెట్ నాడు గోడ కట్టవలసివచ్చుచున్నది.

మూడవ యేడు

ఈ మండలమున నాలుగెకరముల రైతు ఒకడు కలడనుకొందము. కూతురు పదింట మంచి మార్కులు తెచ్చుకొన్నది. హనుమకొండలో వసతితో కూడిన కళాశాలలో చేర్చెను. రెండేండ్ల రుసుమునకు ప్రత్తి డబ్బులు పోయినవి. మొదటి పరీక్షలో ర్యాంకు చాలలేదు. "లాంగ్ టర్మ్ వేయండి, సీటు ఖాయము" అనిరి. హైదరాబాదునకు పంపెను, అప్పు చేసెను. రెండవసారి కొంచెములో తప్పిపోయినది. ఇప్పుడు మూడవ యేటికి అరయెకరము అమ్మవలెనా, మానవలెనా? ఇంట వ్యవసాయము చేయు కొడుకు మాటాడడు. భార్య ఏడ్చును. పిల్ల గదిలో నుండి బయటికి రాదు. ఇది కల్పితమైన రైతు. కాని ఇది చదువు రైతులలో ఎందఱో "ఇతడు మా వీధివాడే" యని తలయూపుదురని నాకు తెలియును.

ఇట్టి రెండవ యేడు, మూడవ యేడు వట్టి దురాశ యని కొట్టివేయరాదు; పరీక్ష నడకయే కుటుంబములను అటు త్రోయుచున్నది. తమిళనాడు ప్రభుత్వము నియమించిన జస్టిస్ ఎ.కె. రాజన్ సంఘము 2021లో ఇచ్చిన నివేదికలో, 2020–21లో ఆ రాష్ట్రమున ఎం.బి.బి.ఎస్.లో చేరినవారిలో నూటికి 71 మంది మరల పరీక్ష వ్రాసినవారే యని తేలినది. నీట్‌కు ముందు ఆ వంతు చాల తక్కువ. ఎన్నిసార్లు వ్రాయవచ్చునను విషయమున హద్దు లేదు. వయస్సునకు పై హద్దు లేదు. కనుక మొదటిసారి వ్రాయు పదునేడేండ్ల పల్లెపిల్ల తనతోటివారితో మాత్రమే కాక, రెండు మూడేండ్లు అదే పాఠమును నూఱినవారితో కూడ పోటీపడుచున్నది.

ఇందు రెండు మాటలు తండ్రులకు మనవి చేసెదను. మరల వ్రాయుట అవమానము కాదు. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కినవారు. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరింపగా, ఆంగ్లేయుడైన శస్త్రవైద్యాచార్యునికి కోపము వచ్చెను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే వారికి దక్కెను. ఆ పట్టముతోనే అమెరికాకు పోయి వారు చేసిన పరిశోధనలు ఫోలిక్ ఆమ్లమునకు, బోదకాలు మందునకు దారితీసి లోకమునకు మేలుచేసినవి. మనిషి విలువను ఒక పరీక్ష తేల్చజాలదనుటకు ఇంతకు మించిన నిదర్శనము తెలుగువారికి అక్కఱలేదు.

రెండవమాట. మరల వ్రాయుటకు ఒక మేర యుండవలెను. మొదటిసారికి రెండవసారికి మార్కులు బాగుగ పెరిగి, బిడ్డ తానై కోరినచో ఇంకొక యేడు ఇచ్చుట న్యాయము. మార్కులు ఉన్నచోటనే యుండి, బిడ్డకు నిద్ర లేక, తిండి సహింపక, మాట తగ్గిపోయినప్పుడు పొలము అమ్మి మూడవ యేడు కొనుట త్యాగము కాదు. అది ఆ పిల్ల వీపుమీద మఱియొక బస్తా ఎత్తుట. వసతిగృహములలో పిల్లలు ప్రాణములు తీసికొన్న వార్తలు ఉభయ తెలుగు రాష్ట్రముల పత్రికలలో ఎన్నిసార్లు వచ్చినవో పాఠకు లెఱుగుదురు. "నీకోసము అరయెకరము అమ్మితిమి" అను మాట ప్రేమతో అన్నదే యైనను, అర్ధరాత్రి ఒంటరిగా కూర్చున్న బిడ్డ చెవిలో అది వేఱుగా వినబడును.

వ్యవసాయశాస్త్రము, పశువైద్యము, ఫార్మసీ రాష్ట్ర ప్రవేశపరీక్షయైన ఎప్‌సెట్ ద్వారా దొరకును. ఆయుర్వేదము, హోమియో నీట్ ర్యాంకుతోనే దొరకును. ఎడ్లు, గేదెలు, గొఱ్ఱెలు గల సీమకు పశువైద్యుడు తక్కువవాడా? ఈ త్రోవలను ఓడినవాని గతిగా కాక, ముందే తెఱచియుంచిన తలుపులుగా బిడ్డకు చూపవలెను.

పుస్తకము భాష, ప్రశ్న భాష

ఇక భాషాసంగతి. నీట్ ప్రశ్నపత్రము 2017 నుండి తెలుగునను లభించుచున్నది. అయినను దేశమున 20 లక్షలకు మించి వ్రాయువారిలో తెలుగు పత్రమును కోరువారు కొలదిమందియే. కారణము స్పష్టము. పరీక్షకు మూలాధారములైన జాతీయ పాఠ్యగ్రంథములు ఇంగ్లీషు, హిందీ, ఉర్దూలలో వచ్చును. మన పిల్లలు చదువు తెలుగు అకాడమీ పుస్తకములు వేఱు, వాని పదజాలము వేఱు. అనువాదమున సందేహము కలిగినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని నిబంధన. కనుక తెలుగులో చదివిన బాలిక కూడ పరీక్షనాటికి ఇంగ్లీషు పదములను వేఱుగా నేర్వవలసినదే.

మాతృభాషలో శాస్త్రము చెప్పుట అసాధ్యమా? 1846లో హైదరాబాదులో నెలకొల్పిన వైద్యపాఠశాలలో మొదట పాఠములు ఉర్దూలోనే చెప్పిరి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషయైన ఉర్దూతోనే ఉన్నతవిద్య నారంభించినది. తెలుగువాడు తన భాషలో వైద్యము నేర్చుకొను దినము ఇంకను రాలేదు. ఏ కవి జన్మదినమును తెలంగాణ భాషాదినముగా జరుపుకొనుచున్నామో, ఆ కాళోజీ పేరనే మన వైద్యవిశ్వవిద్యాలయము వెలసినది. ఆ పేరునకు తగినట్లుగా, మూలగ్రంథములను వాక్యమునకు వాక్యముగా తెలుగు, ఇంగ్లీషు రెండింటను ఒకే పుటలో అచ్చువేయించి గ్రామపాఠశాలలకు పంపుట ప్రభుత్వమునకు పెద్ద వ్యయము కాదు. అంతవరకు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఎనిమిదవ తరగతి నుండియే ప్రతి పాఠములోని శాస్త్రపదములను రెండు భాషలలోను నోటుపుస్తకమున వ్రాయించినచో ఇంటర్మీడియెట్‌లో పిల్లకు ఇంగ్లీషు పదము భూతమువలె కనబడదు.

సిద్ధపాటు ఎట్లు?

శిక్షణాలయముల ప్రకటనలు చూచి ఇదేదో రహస్యవిద్య యనుకొనువారు కలరు. రహస్యమేమియు లేదు. 11, 12 తరగతుల జాతీయ పాఠ్యగ్రంథములు భౌతిక, రసాయన, జీవశాస్త్రములకు చేతిసంచిలో పట్టును. 2024 పరీక్షకు పాఠ్యప్రణాళికను సవరించి కొన్ని అధ్యాయములను తొలగించిరి. కనుక పాత గైడ్లను కొని మోసపోక, ఆ యేటి ప్రణాళికను ముందుంచుకొని చదువవలెను. మొత్తము మార్కులలో సగము, అనగా 360, జీవశాస్త్రమువే. అందు అధికభాగము పాఠ్యగ్రంథములోని వాక్యములు, పటములు, పట్టికల నుండియే వచ్చును. పల్లెపిల్లకు బలమైన చోటు ఇదియే.

ఆ చదువునకు ఊరే ప్రయోగశాల. పెసరమొక్కను వేరుతో పెకలించి చూపినచో రైజోబియము బుడిపెలు కనబడును. చెఱువులోని గుఱ్ఱపుడెక్కను చేతికిచ్చినచో పిలకల ద్వారా మొక్క వ్యాపించుట పుస్తకము లేకయే అర్థమగును. ప్రత్తిపువ్వు విప్పిన కేసరములు, అండాశయము చేతికి దొరకును. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే యని చెప్పినచో ఆ పాఠము మఱువబడునా? పట్టణపు బాలుడు బొమ్మలో చూచునది ఈ బాలిక పొలములో చూచుచున్నది. ఆ చూపునకును ఈ పుస్తకమునకును ముడివేయు ఉపాధ్యాయు డొక్కడు కావలెను.

భౌతికశాస్త్రమునకు పుస్తకము చదువుట చాలదు. దినమునకు పది లెక్కలైనను చేయవలెను. చేసిన తప్పును ఒక పుస్తకమున వ్రాసి, ఎందుకు తప్పినదో ప్రక్కన వ్రాసికొనవలెను. నెల తరువాత ఆ తప్పుల పుస్తకమునకు మించిన గురువు ఉండడు. గత సంవత్సరముల ప్రశ్నపత్రములను ఆదివారము మధ్యాహ్నము 2 గంటల నుండి 5 గంటల వరకు గడియారము పెట్టుకొని వ్రాయవలెను. అన్నము తిని కునుకు వచ్చువేళ అది. పరీక్షయు ఆ వేళనే జరుగును గనుక, దేహమును ముందే ఆ వేళకు అలవాటు చేయవలెను. సమాధానపత్రమున వలయములను పెన్నుతో నింపుట సైతము అభ్యసింపదగినదే. ఒక్క వరుస తప్పినచో తెలిసిన సమాధానములును తప్పులగును.

మార్కు కోతకు భయపడి తెలిసీతెలియని ప్రశ్నలను విడుచువారు, తెగించి అన్నింటిని గుర్తించువారు ఉభయులును లెక్క తెలియనివారే. నాలుగు సమాధానములలో ఏదియు తెలియక గ్రుడ్డిగా గుర్తించినచో సగటున ప్రశ్నకు పావుమార్కు దక్కును. 180 ప్రశ్నలకు అట్లు చేసినను 45 మార్కులే. రెండు తప్పు సమాధానములను తీసివేయగలిగినచో సగటు ఒకటిన్నర మార్కునకు పెరుగును. తెలివి పెరిగిన కొలది సాహసము ఫలించును. తెలివి లేని సాహసము ఒట్టి పాచికలాట.

అన్నిటికంటె ముఖ్యము నిద్ర. రాత్రి ఒంటిగంటవరకు మేల్కొల్పి తెల్లవారుజాము నాలుగింట లేపు పద్ధతిని కొందఱు క్రమశిక్షణ యందురు. చదివినది మనస్సున నిలుచుటకు నిద్ర అవసరమని శరీరశాస్త్రమే చెప్పుచున్నది. ఆ శాస్త్రమును నేర్పుచునే దానిని ధిక్కరించుట ఏమి విద్య?

ఊరి వంతు

ఇంతవరకు కుటుంబము చేయవలసినది చెప్పితిని. ఊరు చేయవలసినది మిగిలినది. ఈ పత్రిక చదువువారిలో భూవసతి గలవారు, పట్టణమున వృత్తివ్యాపారములలో స్థిరపడినవారు పెక్కురు. వారికి మన పెద్దలే త్రోవ చూపియున్నారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును స్థాపించినప్పుడు వారికి ఏ సర్కారు సాయమును లేదు. గ్రామములనుండి నగరమునకు చదువవచ్చు పిల్లలకు 1918లో రెడ్డి హాస్టలు నెలకొల్పినప్పుడు రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారు పొలము గలవారి యెదుట నిలిచి విరాళములు కూర్చిరి. మాడపాటి హనుమంతరావుగారు 1928లో బాలికల ఉన్నతపాఠశాల నిలబెట్టిరి. ఆనాటి కొఱత హాస్టలు, గ్రంథాలయము. నేటి కొఱత మండలమున కొక చదువుగది.

ఆ చదువుగదికి కావలసినవి ఎక్కువ లేవు. కరెంటు పోయినను ఆరని దీపములు, నిశ్శబ్దము, పాఠ్యగ్రంథముల ఇరువది జతలు, పదేండ్ల ప్రశ్నపత్రములు, ఉచితపాఠములు వినుటకు ఒక కంప్యూటరు, ఆడపిల్లలు నిర్భయముగ రాగల వేళలు. భౌతికశాస్త్రము చెప్పగల విశ్రాంత ఉపాధ్యాయునికి గౌరవవేతనము. జనగామ వైద్యకళాశాల విద్యార్థులలో నెలకు ఒకరిద్దఱు వచ్చి ఒక ఆదివారము ఈ పిల్లలతో కూర్చుండినచో, అంతకు మించిన ప్రోత్సాహము లేదు. పెండ్లికి వేసిన పందిరిలో ఒక రాత్రి అలంకారమునకు వ్యయమగునది ఈ గదికి ఎన్నియో నెలలు నడచుటకు చాలును. ఈ మాట కటువుగా తోచినచో క్షమింపవలెను. అబద్ధమని మాత్రము తోచదు.

ప్రభుత్వమునకు చెప్పవలసినదియు కలదు. సాంఘిక సంక్షేమ గురుకులములు గౌలిదొడ్డిలో ప్రత్యేక కళాశాల నడపి, కూలిపని చేయువారి బిడ్డలను వైద్యకళాశాలలకు పంపినవి; మరల వ్రాయువారికిని ప్రత్యేకశిక్షణ నిచ్చినవి. పేదబిడ్డకు తెలివి కొఱవడలేదని, త్రోవ మాత్రమే కొఱవడినదని దీనివలన ఋజువైనది. గురుకులములలో కొలదిమందికి చేసినదానిని ప్రతి మండలపు జూనియరు కళాశాలకు విస్తరింపవలెను. తమిళనాడు 2020లో ప్రభుత్వపాఠశాలలలో ఆరవ తరగతి నుండి పండ్రెండవ తరగతి వరకు చదివినవారికి వైద్యసీట్లలో నూటికి ఏడున్నర వంతు కేటాయించుచు చట్టము చేసినది. మద్రాసు హైకోర్టు 2022లో దానిని నిలబెట్టినది. మన శాసనసభ్యులు ఆ చట్టమును తెప్పించి చదువవలెను. ఇట్టి నియమ ముండినచో సర్కారుబడికి పిల్లలను పంపుటకు కలవారును వెనుకాడరు. కలవారి బిడ్డలు చేరిన బడిలో ఉపాధ్యాయుని ఖాళీ ఏడాదిపాటు నిలువదు.

పరీక్షపత్రమును కాచుకొనుట మఱియొక ధర్మము. 2024లో పాట్నా, హజారీబాగులలో ప్రశ్నపత్రము ముందే బయటపడినదని తేలినది. 1,563 మందికి కలిపిన అదనపు మార్కులను రద్దుచేసి, వారికి మరల పరీక్ష వ్రాయు అవకాశ మీయవలసివచ్చినది. మొత్తము పరీక్షను రద్దుచేయుట అవసరము లేదని సుప్రీంకోర్టు ఆ జులైలో నిర్ణయించినను, పల్లెల నమ్మకమునకు తగిలిన గాయము చిన్నది కాదు. ధనము గలవాడు శిక్షణను కొనుట చూచి పేదవాడు ఓర్చుకొనును. ప్రశ్నలనే కొనుట చూచినచో ఏల ఓర్చుకొనును?

ఇన్నియు ఎందుకని అడుగువారికి ఒక్క మాట. నడిరాత్రి పురిటినొప్పులు వచ్చిన కోడలిని వాహనముపై హనుమకొండకు తరలించుచు, త్రోవ పొడవునా దేవుని తలచుకొన్న ఇండ్లు ఈ మండలమున ఎన్ని లేవు? ఈ సీమలో పుట్టి, ఈ సీమ బాధ తెలిసి, ఈ సీమ మాట మాటాడు వైద్యురాలు ఇచ్చటి ఆసుపత్రిలో కూర్చున్ననాడు ఆ త్రోవ తరుగును. ఆమె ఇప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచుండవచ్చును. బడి విడిచిన పిమ్మట కోటగుట్ట నీడలో మేకలను తోలుకొని ఇంటికి పోవుచుండవచ్చును. ఆమెకు భౌతికశాస్త్రము చెప్పువారెవరు? ఆమె చదువుకొనుటకు దీపమున్న గది ఎక్కడ? జనగామలో కళాశాల కట్టినవారు తమ వంతు చేసిరి. ఆ కళాశాల వరకు త్రోవ వేయవలసినవారము మనము.